ఎర్ర అట్ట

అక్క చివరిసారి చేసిన మామూలు పని, హాల్లో ఫ్యాను స్విచ్చుకు ఎర్ర అట్ట తగిలించి, స్టూలెక్కి, ఏళ్లుగా కిర్రుమంటున్న ఆ ఫ్యానుకు నూనె వేయడం. మర్నాడు నిద్ర లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టరు. అట్ట మాత్రం స్విచ్చుకే వేలాడుతోంది: "మనిషి పనిలో ఉంది. ముట్టుకోకు."

అది టెక్నికల్ కాలేజీ అట్ట. పిల్లల పెళ్లిళ్లయ్యాక, అక్క భారీ యంత్రాల మరమ్మతు కోర్సులో చేరింది. పాసైతే క్వారీ వర్క్‌షాపులో ఉద్యోగం.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, చూసుకో," అన్నాడు బావ.

"ఆ భయం మతి ఉన్నవాళ్లకి. మీరూ చేరండి," అంది అక్క.

అక్కడ మొదటి పాఠం ఇది: యంత్రం విప్పేముందు దాని మెయిన్ స్విచ్చుకు తాళం వేసి అట్ట తగిలించాలి. పెట్టినవాళ్లే తీయాలి. లోపల చెయ్యి పెట్టిన మనిషి ప్రాణం ఆ అట్టమీదే ఉంటుంది. అక్క ఈ పాఠాన్ని ఇంటికి తెచ్చింది. మిక్సీ కడిగితే అట్ట. గీజరు తుడిస్తే అట్ట. మ్యాచి చివరికొచ్చిన సమయానికి టీవీ వెనక బూజు కనబడితే, దానికీ అట్ట. బావ గుడ్లప్పగించి అట్టనే చూసేవాడు.

చివరి పరీక్షలో రాళ్లెత్తే లోడరు బ్రేకులు విప్పి బిగించాలి. అక్క బిగించింది. నడిపి చూపించాలంటే తాళం తీయాలి. తాళంచెవి లేదు.

"కట్టర్ తెండి, కోసేద్దాం," అన్నాడు పరీక్ష పెట్టే ఆయన.

అక్క లోడరుకు అడ్డంగా నిలబడింది. "ముందు నన్ను ఫెయిల్ చేయండి సార్, తర్వాత కోయండి."

ఫోను చేస్తే బావ రొప్పుతూ స్కూటరు మీద వచ్చాడు. చూస్తే బీరువా తాళంచెవి.

"ఇదేంటండీ!"

"తాళంచెవి అన్నావు, తెచ్చాను. దేనిదో చెప్పావా?"

అసలుది అక్క బూటులో దొరికింది. పొద్దుట్నించి గుచ్చుకుంటుంటే రాయి అనుకుందట. పరీక్ష పెట్టే ఆయన తల పట్టుకుని, "తాళంచెవి దాచడంలో సున్నా. తాళం కాపాడటంలో నూటికి నూరు," అని పాస్ చేశాడు.

అందుకే, అక్క పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లెవరో స్విచ్చు మీద చెయ్యి వేయబోతే, బావ లేచి అడ్డం నిలబడ్డాడు.

"ముట్టుకోకండి. తను పెట్టింది."

"మరి ఎవరు తీస్తారు బావా?" అన్నాను.

"పెట్టినవాళ్లే తీయాలి."

ఎండలు మండుతున్నాయి. "పలకరించడానికి వచ్చామా, ఉడకడానికి వచ్చామా!" అని పెద్దమ్మ కొంగుతో విసురుకుంది. బావ కదల్లేదు.

చాలా రోజులకు కాలేజీ మేష్టారు వచ్చారు. చొక్కా తడిసిపోతున్నా ఆ అట్టను చూసి స్విచ్చు జోలికి పోలేదు.

"దీనికీ ఒక పద్ధతుందండీ," అన్నారు మెల్లగా. "పెట్టిన మనిషి రాలేకపోతే అక్కడి పెద్ద తీయొచ్చు. ఇక్కడ పెద్దెవరు?"

"తనే," అన్నాడు బావ.

"తన తర్వాత?"

"నేనే... అనుకుంటా."

"ఆ మనిషి లోపల ఎక్కడా లేదని మీరు స్వయంగా చూసుకోవాలి. అప్పుడు తీయండి."

బావ వంటింట్లోకి వెళ్లాడు. పెరట్లోకి వెళ్లాడు. పడగ్గదిలో కాసేపు ఉండిపోయాడు. తిరిగొచ్చి, "లేదు," అన్నాడు.

అట్ట తీసి స్విచ్చు వేశాడు.

ఫ్యాను తిరిగింది. మేమందరం తలలెత్తి కిర్రుమనే చప్పుడు కోసం చూశాం. రాలేదు. అక్క పని ఆ రోజే పూర్తి చేసింది, అట్ట తీయడం ఒక్కటే మర్చిపోయింది.