నర్సమ్మ కొంగుముడి తనిఖీ

కెనడాలోని వాటర్లూలో కూతురి ఇంటికి చేరి ఆరేళ్లయినా, నడిచేటప్పుడు సరోజన ఎడమ భుజం ఇంకా ఒక పక్కకు ఒరుగుతుంది. ముప్పైరెండేళ్లు ఆ భుజాన టీకాల డబ్బా మోసిన గుర్తు అది. జగిత్యాల చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు ఆమె నర్సమ్మ. ఏ గడపలో ఎవరు నెల తప్పారో అత్తల కంటే ముందు ఆమెకే తెలిసేది.

ఆ రోజుల్లో ఐరన్ మాత్రలు పంచడం తేలిక, మింగించడమే కష్టం. గర్భిణిని ‘వట్టి మనిషి కాదు’ అనడంలో మన భాషకున్న మర్యాద చెప్పనలవి కాదు. అంత మర్యాదగా పిలిచి, ఆ మనిషి చేత దొరికినదల్లా మింగించడమూ మనవాళ్లకే చెల్లింది. అందుకని సరోజన ఒక పద్ధతి పెట్టుకుంది. తన మాత్ర ఇచ్చే ముందు, “ముందుగాల కొంగుముడి ఇప్పు” అనేది. ముడిలోంచి నాటువైద్యుడి పొడి, ఆడబిడ్డ ఇచ్చిన బలం బిళ్ల, సంతలో కొన్న గొట్టం మాత్ర బయటపడేవి. అన్నీ చూశాకే తన సంచి తెరిచేది. ఆ వేపచెట్ల దారులు, దుమ్ము ఇప్పటికీ ఆమె కళ్లలో, ‘నర్సమ్మొచ్చింది’ అన్న కేక చెవుల్లో ఉన్నాయి.

మొన్న మార్చిలో, కరివేపాకు ఇద్దామని కింద బేస్‌మెంటుకు దిగింది. అక్కడ అద్దెకుంటున్న కాకినాడ పిల్ల ధాత్రికి తొమ్మిదో వారం. కిందటేడు మూడో నెలలోనే గర్భం నిలవకుండా పోయింది. పొయ్యి పక్కన మూడు సీసాలు, వాటి పక్కన టీ కప్పు.

“ఇవన్ని నువ్వొక్కదానివే మింగుతున్నవా బిడ్డా?”

“అవునాంటీ. ఇది డాక్టర్ రాసిన ప్రీనేటల్ విటమిన్ మాత్ర. ఈ కాడ్ లివర్ ఆయిల్ మాత్రలు అత్తయ్యగారు పంపారు, మా ఆయన కడుపులో ఉన్నప్పుడు ఆవిడ ఇవే వేసుకున్నారట. మూడోది నేనే కొన్నా, జుట్టుకీ చర్మానికీ మంచిదని. ఈసారి ఏదీ తక్కువ కాకూడదు కదా.”

సరోజన కళ్లజోడు పెట్టుకుని సీసాల మీది చీటీలు చదివింది. అత్తగారి సీసాలోనూ, కొన్న సీసాలోనూ విటమిన్ ఎ, అదీ ఒంట్లో పేరుకుపోయే రెటినాల్ రూపంలో. ఊళ్లలో పిల్లల చూపు కోసం తను చెంచాతో పోసిన పసుపురంగు విటమిన్ ఎ మందు గుర్తొచ్చింది. ఆ సీసాను గర్భిణుల దరికి రానీయొద్దని, మోతాదు మించితే కడుపులో బిడ్డకే చేటని శిక్షణలో పదేపదే చెప్పేవారు.

నోటిదాకా వచ్చిన మాట ఆగింది. ఈ దేశంలో ఆమె నర్సు కాదు, పైఅంతస్తు ఆంటీ. భయపెడితే ఈ పిల్ల డాక్టరు రాసిన మాత్ర కూడా మానేస్తుందేమో. ఊరుకుంటే మాత్రం ఆ రెండూ రోజూ లోపలికి పోతూనే ఉంటాయి.

“కొంగుముడి ఇప్పు,” అంది చివరికి.

ధాత్రి తన హుడీ వైపు చూసుకుంది. “కొంగెక్కడుందాంటీ?”

“సంచి ఉంది గదా. అన్నీ అండ్ల వెయ్యి. ఫార్మసీకి పోదాం.”

ఫార్మసిస్టు సీసాలను ఒక్కొక్కటే తిప్పి చదివాడు. ప్రీనేటల్ రోజుకొకటి మానొద్దన్నాడు, అందులోని ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే అవసరమట. మిగిలిన రెండూ ఆపమన్నాడు. వాడింది తొమ్మిది రోజులేనని ధాత్రి చెప్పడంతో, గాబరా పడకుండా, ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పమన్నాడు. మాత్రలో ఐరన్ ఉంది, టీతో మింగితే ఒంటికి పట్టదు, అలా మింగొద్దన్నాడు.

“రోజూ టీతోనే మింగుతది,” సరోజన తెలుగులో గొణిగింది.

“చాడీలు చెప్పకండాంటీ,” అంది ధాత్రి, కళ్లు తుడుచుకుంటూ.

ఫోనులో డాక్టరూ అదే మాట చెప్పి, స్కాన్ వరకూ ధైర్యంగా ఉండమంది. తిరిగి వస్తూ ట్రైన్ స్టాపులో ధాత్రి అడిగింది: “అత్తయ్యగారు అడిగితే ఏం చెప్పను?”

“నర్సమ్మ గుంజుకున్నదని చెప్పు. తిట్లు నాకు అలవాటే.”

ఏప్రిల్లో ధాత్రి స్కాన్ బొమ్మ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. బిడ్డ ఎదుగుదల బాగుందని చెప్పారట. రెండో చేతిలో సంచి. సరోజన అడగకముందే బల్ల మీద కుమ్మరించింది: వాళ్లమ్మ పంపిన కుంకుమపువ్వు, ఏదో లేహ్యం, పేరు లేని పొడి.

“కొంగుముడి విప్పేశానాంటీ. ఇక మీ ఇష్టం.”

సరోజన కళ్లజోడు కోసం వెతుక్కుంది.