పేరు కింద రెండు గీతలు

ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో గుమాస్తా అంటే అందరికీ గురి. ఇరవై రెండేళ్లలో ఒక్క కాగితం అటూ ఇటూ కాలేదు. అయినవాళ్లకని ఒక్క టిక్కెట్టు పక్కకు తీయలేదు. "మనవాడు నిప్పు" అనేవాడు మేనేజరు. ఆ మాట వింటే చాలు, ఈ పెద్దమనిషికి కడుపు నిండిపోయేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అతని బావ, అంటే సొంత అక్క మొగుడు, అదే క్లబ్బులో ఆటగాళ్ల కాళ్లకు మాలీషు చేసేవాడు. చేయి మంచిదే, నోరే ఊరుకోదు. జీతం దగ్గర మేనేజరుతో మాటా మాటా పెరిగి ఒకరోజు తువ్వాలు బల్లమీద పడేసి వెళ్లిపోయాడు. ఇది కాకపోతే ఇంకోటి అనుకున్నాడు పాపం. మూడు దేశాల్లో కలిపి ఆ లీగులో పధ్నాలుగు క్లబ్బులున్నాయి మరి.

ఆ పధ్నాలుగూ లోపాయికారీగా కూడబలుక్కున్నాయని అతనికేం తెలుసు? ఒకరి దగ్గర మానేసినవాణ్ణి మరొకరు పెట్టుకోకూడదు. అలాగైతే ఎవరూ జీతాలు పెంచక్కర్లేదు. మానేసినవాళ్ల జాబితా నెలనెలా అన్ని క్లబ్బులకూ రాసి పంపేది మన గుమాస్తాయే. బావ పేరు దగ్గర పెన్ను ఆగింది. చుట్టరికం చూసుకున్నాడని ఎవరైనా అంటే? రాశాడు. రాసి ఊరుకోక, ఏ పేరుకీ లేని విధంగా కింద రెండు గీతలు గీశాడు.

రెండేళ్లు బావకి పని దొరకలేదు. "ఎక్కడైనా ఖాళీ ఉంటే చూడరా" అని అడిగినప్పుడల్లా "చూస్తాలే బావా" అనేవాడు గుమాస్తా. అన్న ప్రతిసారీ తనమీద తనకే రోత పుట్టేది. అయినా అనేవాడు.

చివరికి ఎవరో ఫిర్యాదు చేస్తే, వ్యాపారులు కుమ్మక్కు కాకుండా చూసే ప్రభుత్వ పోటీ కమిషన్ విచారణ పెట్టింది. యజమానులంతా ఒక్కటై పనివాళ్లకు దారులు మూసెయ్యడం నేరమట. గుమాస్తాని సాక్షిగా పిలిచారు. నష్టపోయినవాళ్లు వెనక వరుసలో కూర్చున్నారు. వాళ్లలో బావ కూడా ఉన్నాడు.

అధికారిణి జాబితా ముందుకు జరిపింది. "మిగతావాళ్లని అవసరం కొద్దీ ఎవరో ఒకరు దొడ్డిదారిన పెట్టుకున్నారు. ఈయన్ని మాత్రం ఎవరూ రానివ్వలేదు. గీతలు చూసి దొంగతనం చేసిన మనిషి అనుకున్నారట. ఇవి మేనేజరు గీయమన్నారా?"

అవునంటే సరిపోయేది. మేనేజరు ఎలాగూ మునిగినవాడే, బావ ముందు తన పరువైనా దక్కేది. గుమాస్తా ఇంత సిగ్గు జన్మలో ఎరగడు.

"ఎవరూ అనలేదండీ. ఆయన మా బావ. మావాణ్ణి వెనకేసుకొచ్చానంటారేమోనని... నేనే గీశాను."

బయట మెట్ల దగ్గర బావ ఎదురుచూస్తున్నాడు. గుమాస్తా తలెత్తలేకపోయాడు.

"తిట్టు బావా."

"తిట్టి ఏం చేసుకోను? రెండేళ్లుగా మీ అక్క నన్ను చేతకానివాడంటోంది రా. మా తమ్ముణ్ణి అన్నిసార్లు అడగడానికి నీకు సిగ్గులేదా అంటోంది. పద ఇంటికి. దానికి నువ్వే చెప్పు."