పొగ రాని ఇల్లు

బోగోలులో మేము అద్దెకున్న పూరింట్లో వంటంటే ఏడుపే. పచ్చి సరుగుడు మండలు పొయ్యిలో పెట్టి అమ్మ గొట్టంతో ఊదేది, ఊదినంతసేపూ దగ్గేది. ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చిలో ఒంటరిగా పాట పాడే వంతు అమ్మకు వచ్చింది. ఇంట్లో సాధన చేస్తే రెండో చరణానికే దగ్గు. ఆ పొయ్యిని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

బ్లాకాఫీసు నుంచి వచ్చిన గ్రామసేవిక పొగలేని పొయ్యి వేసిస్తానంది. కట్టెలు కూడా సగం చాలునట. పొగ గొట్టం మాత్రం కప్పులోంచి పైకి పోవాలి. ఇల్లుగలావిడ, వీధి చివర పెంకుటింటి పెద్దమ్మగారు, ససేమిరా అంది.

"కప్పుకు చిల్లు పెట్టబాక. రవ్వ పడితే కొంప కొల్లేరవతాది. అయినా పొగ తగలకుంటే తాటాకును పురుగు తినేస్తాదమ్మా."

ఆవిడకు సొంత సరుగుడు తోపు ఉంది. దుంగలకు దుంగలే పొయ్యిలో పెట్టించేది. పొగ మింగేది వంటమనిషి. ఎదురింటి అక్కకేమో తాటిమట్టలే దిక్కు.

"ఇంత పొడుగు మట్ట ఆ కొత్త పొయ్యి బుల్లి నోట్లో యాడ పడతాదక్కా? నరుక్కుంటా కూర్చుంటే చేపల తట్ట ఎవురెత్తుకుంటారు?" అంది అమ్మతో. నిజమే, ఎవరి తంటా వారిది.

అమ్మ అందరికీ ఊ కొట్టి, గొట్టాన్ని వెనక గోడలోంచి పెరట్లోకి పెట్టించింది. మొండిది మా అమ్మ.

మొదటి సాయంత్రం కొత్త పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, ఎదురింటి అక్క కొంగు చాటున చేపల పులుసు తెచ్చింది. ఆ వెనకే అన్నం గిన్నెతో పెద్దమ్మగారు. మా కప్పులోంచి పొగ రాకపోయేసరికి, ఆ పూట మా పొయ్యిలో పిల్లి లేవలేదనుకున్నారు పాపం.

"అడగడానికి నామోషీ ఏందమ్మా?" అని కోప్పడింది పెద్దమ్మగారు.

అమ్మ నవ్వాపుకోలేక ఆవిడను వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఆవిడ అలవాటుగా కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. తీసి చూసింది. గొట్టం కనపడింది.

"నా గోడకు చిల్లు పెట్టినావా?"

తీసెయ్యమంటుందేమోనని భయపడ్డాను.

"కప్పుకు వద్దన్నారు గానీ గోడకు వద్దనలేదు కదమ్మా," అంటూనే అమ్మ పాట అందుకుంది. రెండో చరణం దాటింది. మూడోదీ దాటింది.

పెద్దమ్మగారు పీట లాక్కుని కూర్చుంది. "మొదటికాన్నుంచి పాడు," అంది. ఆ పూట మేము తిన్న తిండి ఇప్పటికీ తలచుకుంటాను.

క్రిస్మస్ నాడు అమ్మ ఒక్క దగ్గూ లేకుండా చివరిదాకా పాడింది. సంతోషం పట్టలేక వెనక్కి తిరిగి చూశాను. ఆఖరి చాప మీద పెద్దమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. అక్కడ పొయ్యీ లేదు, పొగా లేదు.