అడ్జస్ట్ అంటే

ఘజియాబాద్ నుంచి ఢిల్లీ వచ్చే ప్యాసింజరు రైల్లో, ముగ్గురు కూర్చునే బల్ల మీద అప్పటికే నలుగురున్నారు. కాలు బెణికి కట్టుతో ఉన్నాను, నిలబడలేను. "భయ్యా, థోడా అడ్జస్ట్ కర్ లో" అన్నాను. ఎవరూ కదల్లేదు.

కిటికీ పక్కనున్న పెద్దాయన నా హిందీలో తెలుగు వాసన పట్టేశారు. "అడ్జస్ట్ అంటే ఏంటో తెలుసా బాబూ?"

"సర్దుకుపోవడమేగా అంకుల్? ఢిల్లీ వచ్చినప్పట్నుంచీ అదే చేస్తున్నా."

"అది తర్వాతొచ్చిన అర్థం. లాటిన్‌లో దాని మూలం 'దగ్గరికి' అనే మాట" అంటూ, తను కిటికీ ఊచలకు ఒత్తుకుని, పక్కతన్ని భుజం పట్టి దగ్గరికి లాక్కున్నారు. మిగతావాళ్లూ జరిగారు. చివర్న నాకు జానెడు చోటు దొరికింది. ఆ కాలికి అదే ఫస్టు క్లాసు.

తర్వాత నా పెళ్లిలో పెద్దలందరూ అడ్జస్టవ్వమనే దీవించారు. నేను మా ఆవిడ వైపు కాస్త జరిగి కూర్చున్నాను. ఆవిడేమీ లేచి వెళ్లలేదు.