హోమ్ ప్లేట్ ముందు తడి

శనివారం ఉదయం పది గంటలకు వెండెల్ ప్రూయిట్ బ్యాటర్ నిలబడి బంతి కొట్టే హోమ్ ప్లేట్ ముందు మోకాళ్లూని, చిటికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

మట్టి తడిగా ఉంది. ఉండకూడదు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి బేస్‌బాల్ మైదానాన్ని అతను ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్నాడు. ఎనిమిది కళాశాలలు నాలుగేసి జట్ల రెండు గ్రూపులుగా ఆడే టోర్నమెంట్ ఏటా అక్కడే. ఒంటిగంటకు ఫైనల్: ఊరి కళాశాల జట్టుకీ, లయల్ కెండ్రిక్ కోచ్‌గా ఉన్న జట్టుకీ.

కెండ్రిక్ కుర్రాళ్లు బంతిని నేలకేసి కొట్టి పరుగెత్తే రకం. ప్లేటు ముందు నేల గట్టిగా ఉంటే బంతి దూసుకుపోతుంది. తడిస్తే అక్కడే చతికిలబడుతుంది. ఊరి జట్టును గెలిపించడానికి వెండెల్ దొంగచాటుగా నీళ్లు పెడుతున్నాడని కెండ్రిక్ శుక్రవారం ఫిర్యాదు చేశాడు. నిర్వాహకురాలు డార్లా ఫెన్స్కే కుళాయి తాళంచెవి తీసేసుకుంది.

తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది. మట్టి మళ్లీ తడిసింది.

"రెండో తాళంచెవి ఎక్కడ దాచావు పెద్దాయనా?" అన్నాడు డార్లాతో కలిసి వచ్చి నిలబడ్డ కెండ్రిక్.

"ఉన్నది ఒక్కటే. అది ఆవిడ దగ్గరుంది."

"అయితే వాన నీ ప్లేటు ముందు మాత్రమే కురిసిందంటావు!"

డార్లా వెండెల్ ముఖం చూడకుండా మాట్లాడింది. "పక్క ఊరి నుంచి మనిషిని పిలిపించాను వెండెల్ గారూ. పన్నెండుకి వస్తాడు. ఫైనల్‌కి మైదానం అతనే చూసుకుంటాడు. మీరు ఇంటికెళ్లండి."

వెండెల్‌కీ ఒకరి మీద అనుమానం ఉంది. నేల ఇంకాస్త మెత్తగా ఉంటే బాగుండునని ఊరి జట్టు కోచ్ నిన్ననే అన్నాడు. ఆ మాట చెబితే తాను బయటపడొచ్చు. చెప్పలేదు. చేతిలోని మట్టిని మరోసారి వాసన చూశాడు.

వెనిగర్.

లేచి నేరుగా కెండ్రిక్ జట్టు బెంచీ దగ్గరికి నడిచాడు. క్యాచర్ టల్లీ బ్రెవార్డ్ ఒళ్లో వెనిగర్‌లో ఊరవేసిన దోసకాయల పెద్ద సీసా ఉంది. పిక్కలు పట్టెయ్యకుండా ఆ జట్టు ఆటగాళ్లు ఆ నీళ్లు తాగడం అతను రోజూ చూస్తున్నాడు.

"తాగుతారా సార్? పళ్లు పులిసిపోతాయి."

"తాగను నాయనా. ప్లేటు ముందు రోజూ ఎంత పోస్తున్నావు?"

టల్లీ కోచ్ వైపు చూసి తల దించుకున్నాడు. "ఒక సీసా. బుధవారం చెయ్యిజారి ఒలికింది. ఆ రోజు గెలిచాం. ఇక మానడానికి ఎవడికీ ధైర్యం చాల్లేదు."

"మీ కోచ్ నన్ను దొంగ అంటుంటే నోరు మెదపలేదేం?"

"చెబితే ఇక అచ్చిరాదు సార్. మూడు గెలిచాం."

డార్లా తాళంచెవి తీసి వెండెల్ చేతిలో పెట్టింది. పక్క ఊరి మనిషిని రావద్దని ఫోన్ చేసింది. గెలుపు పోతుందని బుధవారం నుంచి మేజోళ్లు ఉతకని కెండ్రిక్, వెండెల్‌ని పక్కకు పిలిచాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా. ఆ తడి మాత్రం అలా ఉండనివ్వు."

"తడి మీకు చేటని గోల పెట్టింది నువ్వే కదయ్యా?"

"పెట్టాను. మూడు గెలిచాం కూడా."

వెండెల్ పార అందుకున్నాడు. తడిమట్టి రెండు బకెట్లు తవ్వి తీశాడు. పొడి బంకమట్టి నింపి దిమ్మిసతో కొట్టాడు. ఒంటిగంటకు నేల రాయిలా ఉంది.

కెండ్రిక్ జట్టు 5-4తో ఓడిపోయింది. సోమవారం డార్లాకి అతని నుంచి రెండో ఫిర్యాదు వచ్చింది: నేలను కావాలనే ఎండగట్టారని.