రంపం కోసిన పేరు

నా చిన్నప్పుడు, అమెరికాలోని అల్ఫారెట్టా ఊళ్లో, స్కూల్ బస్సు దిగగానే నేను వెళ్లేది మా ఇంటికి కాదు, పక్కింటి ఆంటీ దగ్గరికి. అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఆరు దాటేది. ఆంటీ యూదురాలు. ఇజ్రాయెల్‌లోని గలిలయ కొండల్లో పూడిపోయిన సినగాగ్‌లను, అంటే యూదుల పురాతన ప్రార్థనా మందిరాలను, ఏళ్ల తరబడి తవ్వి వచ్చిన మనిషి. రిటైరయ్యాక ఆ తవ్వకాల ఫోటోలు బేస్‌మెంట్‌లో పరుచుకుని పుస్తకం రాసుకుంటూ ఉండేది. వాటిని నంబర్ల వరుసలో పేర్చడం నా పని.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో మా వీధి మలుపులో ఒక నల్ల కారు వరుసగా మూడు రోజులు ఆగి ఉంది. లోపలి మనిషి దిగేవాడు కాదు. నాలుగో రోజు దిగి, ఆంటీ తలుపు తట్టి బేస్‌మెంట్‌లోకి వచ్చాడు. మంచి సూటు, మెత్తని మాట. దుప్పటిలో చుట్టిన రాయిని బల్ల మీద పెట్టి, అది ఎన్నో ఏళ్లుగా అమెరికాలోనే ఉందని, బైబిల్ కాలపు వస్తువులు కొనేవాళ్లకు చూపడానికి ఆంటీ ఆ సంగతి ఒక ఉత్తరంలో రాసిస్తే చాలని అన్నాడు.

ఆంటీ రాయిని తన వైపు తిప్పుకుంది. నన్ను పిలిచి, కళ్లు మూసుకుని రాయిని రెండు వైపులా తడమమంది. అక్షరాలున్న వైపు నీళ్లలో నానిన సబ్బులా అరిగి ఉంది. వెనక వైపు అంచు చురుక్కుమంది, వేళ్లకు తెల్లటి పొడి అంటింది.

"ఏ వైపు పాతది?" అంది.

"ముందు వైపు. వెనక కొత్తగా కోశారు," అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది.

రాయి ఉత్త నకిలీదేమో అనుకున్నాను. కాదు. అసలైనదే. ఆంటీ అక్షరాల మీద వేలు పెట్టి చదివి చెప్పింది. సినగాగ్ కట్టడానికి సాయం చేసిన మనిషి ఎల్లకాలం గుర్తుండాలని ఆ కాలపు యూదుల భాష అరామిక్‌లో చెక్కిన రాయి అది. ఆ మనిషి పేరు మొదలయ్యే చోటే రంపం పడింది. ఈమధ్యనే ఎవరో గోడను కోసి తెచ్చారని, ఉత్తరం రాయనని ఆంటీ చెప్పింది.

అతను నెమ్మదిగా రాయిని చుట్టుకున్నాడు. వెళ్తూ నా ముందు వంగి, మీ ఇల్లెక్కడని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. మీ డాడీ ఎక్కడ పనిచేస్తాడని అడిగాడు. అదీ చెప్పేశాను. ఆంటీ ముఖం పాలిపోవడం చూశాకే నేనేం చేశానో నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం ఆంటీ మా ఇంటికొచ్చి జరిగినదంతా చెప్పింది. పోలీసులకు చెప్పబోతున్నానని, నేనూ చూశాను కాబట్టి నన్నూ అడగొచ్చని అంది. నాన్న వెళ్లి ముందు తలుపు గడియ వేసి వచ్చాడు. తర్వాత నావైపు తిరిగి, తెలుగులో, "అమ్మా, మనం వీసా మీద ఉన్నాం. పోలీస్, కోర్ట్ అని తిరిగితే ఆఫీస్‌లో ఏమనుకుంటారో! నువ్వేం చూడలేదు, సరేనా?" అన్నాడు.

ఆంటీకి తెలుగు రాదు. అయినా అర్థమైంది. ఆ రోజు బేస్‌మెంట్‌లో తాను ఒక్కతే ఉన్నట్టు చెబుతానని నాన్నకు మాటిచ్చింది. చూసింది చూసినట్టు రాయడమే బతుకుగా బతికిన మనిషి ఆవిడ.

ఆవిడ ఒక్కరి మాట నిలబడలేదు. పోలీసులు వెళ్లేసరికి రాయి అతని దగ్గర లేదట. కారు మాత్రం చలికాలమంతా మలుపులో కనిపించేది. ఒక ఉదయం ఆంటీ కిటికీ అద్దం పగిలి ఉంది. మేం ఆ రోజు కర్టెన్లు కూడా తియ్యలేదు.

చలి తగ్గాక ఆవిడ చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. ట్రక్కులో పెట్టెలు ఎక్కిస్తుంటే పరుగెత్తుకెళ్లి, "నా మీద కోపమా ఆంటీ?" అని అడిగాను.

"మీ నాన్న నిన్ను కాపాడుకున్నాడు. అది తప్పు కాదు. చెప్పే రోజు నీకూ వస్తుంది," అంది.

వచ్చింది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆఫీసులో ఒకరికి అన్యాయం జరిగినప్పుడు, అందరూ తలలు దించుకున్న గదిలో, నాకూ తల దించుకోవాలనిపిస్తుంది. నాన్న భయం నా ఒంట్లోంచి ఇప్పటికీ పోలేదు. దాన్ని పక్కన పెట్టుకునే లేచి నిలబడతాను, చూసింది చెబుతాను.