లాంగ్ బెల్లుకు ముందు పిలవాలి

మా హైస్కూల్లో హెడ్మాస్టరు గదిలో ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో రెండు ముక్కలైన బెత్తం. బడి పెట్టిన కొత్తలో ఒక మాస్టారు కొట్టిన దెబ్బకి ఒక పిల్లవాడి చెవి పోయిందనీ, ఆ సాయంత్రమే మొదటి హెడ్మాస్టరుగారు అందరి ముందూ ఆ బెత్తాన్ని మోకాలికి ఆనించి విరిచారనీ చెబుతారు. వన్ టౌన్‌లో అంత పాత బడి ఇంకొకటి ఉండొచ్చు గాని, అప్పటినుంచీ పిల్లల మీద చెయ్యి పడని బడి మాదేనని గొప్పగా చెప్పుకుంటాం. నేను అక్కడే చదివి, అక్కడే సోషల్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లల్ని ఆ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి ఈ కథ చెప్పే పని చాలా ఏళ్ళు నాదే.

బెత్తానికి బదులు ఏమొచ్చిందో ఆ కథ చివర్లో చెప్పేవాణ్ణి. తప్పు చేసిన వాళ్ళకి మా బడిలో మౌనం వేస్తారు. ఆ రోజు వాడితో ఎవరూ మాట్లాడరు, వాడి పేరు ఎవరూ పలకరు. టీచర్లు ప్రశ్న అడగరు. పక్కవాడు పెన్సిలు కూడా అడగడు. సాయంత్రం లాంగ్ బెల్లుకు ముందు, మౌనం వేసిన టీచరే క్లాసుకొచ్చి పేరు పెట్టి పిలవాలి. వాడు లేచి "ఉన్నానండి" అనాలి. అంతటితో సరి, ఆ తప్పు మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. పిలిచేదాకా మాత్రం, గేటు బయటైనా సరే, ఎవరూ మాట్లాడకూడదు. ఈ ఆఖరి నియమానికి పెద్దవాళ్ళం ఎప్పుడూ కాపలా కాయలేదు. పిల్లలే కాశారు.

ఒక దసరా సెలవుల ముందు రోజు ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడికి నేను మౌనం వేశాను. నేను బోర్డు వైపు తిరిగినప్పుడు లేచి నా నడక నడిచి చూపించాడు. క్లాసంతా నవ్వింది. అచ్చం నాలాగే నడిచాడు, అందుకే నాకు మండింది. ఆ మధ్యాహ్నం మా ఊరు వెళ్ళే తొందరలో రెండు పీరియడ్లు ముందే బయల్దేరాను. పటమట దాటాక బస్సులో గుర్తొచ్చింది, వాణ్ణి పిలవలేదని. దిగి వెనక్కి వెళ్తే లాంగ్ బెల్లు అందేది. కిటికీ పక్కన సీటు దొరికింది. దిగలేదు.

కంకిపాడు దగ్గర మా అన్నయ్య ఇంట్లో మర్నాడు కూడా గుర్తొచ్చింది. ఆ పిల్లవాడి వీధి మొదట్లో కిరాణా కొట్టుకి ఫోనుండేది. కబురు పెట్టొచ్చు. కాని మాస్టారు మర్చిపోయారట అని వీధంతా చెప్పుకోవడం నాకిష్టం లేకపోయింది. పిల్లలు కదా, ఈపాటికి వాళ్ళే మాట్లాడేసుకుని ఉంటారని సర్దిచెప్పుకున్నాను. పొలం గట్ల మీద తిరిగి, చేపల పులుసు తిని, పగలు నిద్రపోయి సెలవులు గడిపాను.

వాళ్ళు మాట్లాడుకోలేదు. ఆ వీధిలో సగం మంది పిల్లలది మా బడే. కొండ మీద అమ్మవారి గుడి దీపాలు చూడ్డానికి వాళ్ళు గుంపుగా కృష్ణ ఒడ్డుకి వెళ్తుంటే, వాడూ కాస్త దూరంలో వెనకాలే వెళ్ళేవాడట. వాళ్ళమ్మ ఒక పిల్లవాణ్ణి ఆపి ఇదేంట్రా అని అడిగితే, "సారు ఇంకా పిలవలేదండి" అన్నాడట. ఆ మాట అన్న పిల్లవాడే తరవాత నాకు ఇదంతా చెప్పాడు, తమ క్లాసు నియమాన్ని ఎంత గట్టిగా నిలబెట్టిందో నేను మెచ్చుకుంటాననే ఉత్సాహంతో.

బడి తెరిచిన రోజు మొదటి పీరియడులోనే పిలిచాను. వాడు లేచి నిలబడ్డాడు. నా వైపు చూశాడు. "ఉన్నానండి" అనలేదు. ముఖంలో కోపం లేదు. ఆ పేరు ఇంకెవరిదో అయినట్టు చూశాడు. కూర్చోమన్నాను. సంవత్సరం చివర టీసీ తీసుకుని వెళ్ళిపోయేదాకా నా క్లాసులో హాజరుకి వాడు పలకలేదు. నేను పేరు చదివేవాణ్ణి, తలెత్తి చూసేవాణ్ణి, ఉన్నాడని వేసుకుని తరవాతి పేరుకి వెళ్ళేవాణ్ణి. ఆ రెండు పేర్ల మధ్య ఖాళీ, బడి వదిలాక కూడా నాతో వచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ పిలుస్తుంది. వినపడుతుంది. జవాబు చెప్పే ముందు ఆ ఖాళీ వచ్చి కూర్చుంటుంది. ఆవిడ దాన్ని పొగరనుకుంటుంది. కొంత నిజమే. ఇంట్లో కూడా నేను చాలాసార్లు మౌనం వేసినవాణ్ణే. పిలిచి ముగించాలనే నియమం ఇంట్లో లేదు.

ఇంత తెలిసీ, మొన్న బడి సావనీరుకి వ్యాసం అడిగితే బెత్తం విరిచిన కథే రాసిచ్చాను. మౌనాన్ని పొగుడుతూ ఒక పేరా కూడా కలిపాను.

కిందటి డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకు బడి మూసే రోజు, భోజనం చేసి నడుం వాల్చాక తలుపు కొట్టారు. మెడలో థర్మల్ స్టేషన్ ఐడీ కార్డు, చేతిలో హెల్మెట్టు. నలభై దగ్గర పడుతున్న మనిషి. చూడగానే పోల్చుకున్నాను. ఆ చూపు మారలేదు.

"మాస్టారూ, పడుకున్నారాండి? లేపేశానా?"

"లేదు బాబూ. రా, కూర్చో."

"కూర్చునే టైం లేదండి. ఇబ్రహీంపట్నం నుంచి ఇటే వచ్చేశా. మా పాప మన బళ్ళోనేనండి, ఏడో తరగతి. పొద్దున మౌనం పడిందంట. వాళ్ళమ్మ క్యారేజీ ఇవ్వటానికెళ్తే తెలిసింది. వేసిన టీచరేమో మధ్యాహ్నం లీవు పెట్టి వెళ్ళిపోయిందంట. రేపట్నించి సెలవులు."

అతను అంత ధారాళంగా మాట్లాడుతుంటే, నా క్లాసులో పలకని ఆ పిల్లవాడేనా అనిపించింది. చివరికి, "బాబూ, అప్పుడు నేను..." అన్నాను.

"అదంతా తర్వాత చూద్దామండి. ముందు చెప్పులేసుకోండి. మీ మాటైతే వింటారని వచ్చా."

బండి వెనక కూర్చున్నాక, మరి ఈ బడిలోనే ఎందుకు చేర్చావని అడిగాను.

"ఇక్కణ్ణించి నేను వెళ్ళిన బళ్ళో కొట్టారండి. ఇక్కడ కొట్టరు గదా." కాలువ వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. తల తిప్పకుండానే అన్నాడు: "రెండూ చూశా. ఏది నయమో ఇప్పటికీ తేల్చుకోలా."

ఇప్పటి హెడ్మిస్ట్రెస్ నా దగ్గర పని నేర్చుకున్న టీచరే. లేచి కుర్చీ చూపించి, సంగతంతా వింది.

"లీవు నేనే ఇచ్చానండి. వాళ్ళ తమ్ముడు గన్నవరంలో విమానం దిగుతున్నాడంటే సరేనన్నా. మౌనం సంగతి నాతో చెప్పలేదు. ఇప్పుడు ఫోనెత్తట్లేదు. అయినా సార్, వేసినవాళ్ళే పిలవాలని మాకు చెప్పింది మీరే కదండీ."

"చెప్పాను. నేను చేసింది చెప్పలేదు."

అప్పుడు చెప్పాను. బస్సులో గుర్తు రావడం, కిటికీ పక్క సీటు, కిరాణా కొట్టు ఫోను, అన్నీ. అతను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. హెల్మెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నేనింతకాలం మీరు మర్చిపోయారనుకున్నానండి," అన్నాడు.

హెడ్మిస్ట్రెస్ గడియారం చూసి, "రండి సార్, మీరే పిలుద్దురు గాని," అంది.

పేరు అతన్నడిగి తెలుసుకుని, ఏడో తరగతి గుమ్మంలో నిలబడి పిలిచాను. మూడో బెంచీ చివర్నుంచి ఒక పిల్ల లేచింది.

"మా టీచర్ పిలవాలండి," అంది మర్యాదగా.

"నేనూ ఈ బడి మాస్టర్నేనమ్మా."

ముందు బెంచీ పిల్లవాడు పుస్తకంలోంచి తలెత్తకుండా, "మీరు వెయ్యలేదు కదండీ. మీరు పిలిస్తే చెల్లదు," అన్నాడు.

"నేను చెబుతున్నాను కదా, పలుకు తల్లీ," అంది హెడ్మిస్ట్రెస్.

ఆ పిల్ల మమ్మల్ని చూడలేదు. తనతో చదివే వాళ్ళ ముఖాలు చూసింది. ఒక్కరూ తలెత్తలేదు. ఇప్పుడు పలికినా సెలవుల్లో వాళ్ళు తనతో మాట్లాడరని ఆమెకి తెలుసు. వాళ్ళు చెడ్డపిల్లలు కారు. నేను మెచ్చుకుని పెంచిన పిల్లల్లాగే ఉన్నారు.

హెడ్మిస్ట్రెస్ మళ్ళీ ఫోను కలిపింది. ఈసారి ఎత్తారు. స్పీకరు పెట్టి గదిలోకి చాపింది. బస్సు హారను, కండక్టరు కేకలు, వాటి మధ్య "అయ్యో మేడం, నా మతి మండా" అని ఆ టీచరు గొంతు. తరవాత ఆ పేరు, గట్టిగా.

"ఉన్నాను టీచర్."

వెంటనే పక్కనున్న పిల్ల, "ఒసే, నీ జడ రిబ్బను పొద్దున్నే ఊడిపోయిందే. చెబుదామంటే కుదర్లా," అంది. క్లాసంతా ఒక్కసారిగా మాటల్లో పడింది.

తండ్రి వరండాలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను. హెడ్మిస్ట్రెస్‌ని అడిగాను, ఇవాళ ఇంకెవరికైనా పడిందేమో తెలుసా అని. తెలియదంది. ఇద్దరం వరండా వెంట ప్రతి క్లాసు ముందూ ఆగి అడుగుతూ వెళ్ళాం. లేదు మేడం, లేదు మేడం అన్నారు అన్ని చోట్లా. తొమ్మిది బీలో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అందరూ తలలు దించుకున్నారు. రెండోసారి అడిగాం. పేరు పలకకూడదు కాబట్టి చెప్పడం లేదా, సెలవుల ధ్యాసలో మా మాట పట్టలేదా, అర్థం కాలేదు. ఈలోగా లాంగ్ బెల్లు మోగింది. సంచులు భుజాన వేసుకుని మా మధ్య నుంచే పరిగెత్తారు.

నేను గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అతను బండి మీద నన్ను దాటి వెళ్ళాడు. వెనక కూతురు ఆపకుండా ఏదో చెబుతోంది. అతను ఇటు చూడలేదు. నేను తొమ్మిదో తరగతి పిల్లల కోసం చూస్తున్నాను, గుంపుకి కాస్త ఎడంగా నడిచేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని. అలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు.